16–22 దగ్గర మ్యాచ్ అయిపోయిందా? పెన్ స్టేట్, నెబ్రాస్కా సెమీఫైనల్ కథ

ఈ ఎపిసోడ్‌లో క్రికెట్ లేదు. వాలీబాల్ ఉంది. అదీ అమెరికాలో కాలేజీ అమ్మాయిలు ఆడే వాలీబాల్. "మనకెందుకు బ్రో" అని స్కిప్ కొట్టకండి. ఈ మ్యాచ్ రికార్డింగ్ నేను మూడుసార్లు చూశాను, మూడోసారి పక్కన పేపర్, పెన్ను పెట్టుకుని మరీ.

ముందు సీన్ చెప్తా. 2024 డిసెంబర్ 19, లూయివిల్ నగరం, కేఎఫ్‌సీ యమ్ సెంటర్. ఎన్‌సీఏఏ డివిజన్ వన్ మహిళల వాలీబాల్ సెమీఫైనల్. ఈ టోర్నమెంట్‌లో 64 కాలేజీ టీమ్‌లు ఉంటాయి. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే, రెండో ఛాన్స్ లేదు. ఆ రోజు ఒకవైపు నెబ్రాస్కా, ఇంకోవైపు పెన్ స్టేట్.

నెబ్రాస్కా అంటే ఏంటో ఒక్క నంబర్‌తో చెప్తాను. 2023 ఆగస్టు 30న వాళ్ళు తమ ఫుట్‌బాల్ స్టేడియంలో నెట్ కట్టి ఒక మ్యాచ్ ఆడితే 92,003 మంది వచ్చారు. అమ్మాయిల వాలీబాల్‌కి! అక్కడ 1972లో ఒక చట్టం వచ్చింది, టైటిల్ నైన్ అంటారు. ప్రభుత్వం డబ్బు తీసుకునే విద్యాసంస్థ ఏదైనా ఆడా మగా తేడా చూపించకూడదు, ఆటల్లో కూడా. దాంతో అమ్మాయిలకి టీమ్‌లు, కోచ్‌లు, స్కాలర్‌షిప్‌లు వచ్చాయి. యాభై ఏళ్ళు పెంచితే చెట్టు అంత అయింది.

మా ఇంజినీరింగ్ కాలేజీలో కూడా అమ్మాయిల వాలీబాల్ టీమ్ ఉండేది లెండి. సాయంత్రం అబ్బాయిలు గ్రౌండ్ ఖాళీ చేస్తే ఆడుకోవాలి. ఖాళీ చేసేసరికి హాస్టల్ గేటు వేసే టైమ్ అయ్యేది. ఆ గ్రౌండ్ ఖాళీ చేయని బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. సరే, మ్యాచ్‌లోకి వెళ్దాం.

మొదటి సెట్ నెబ్రాస్కా 25–23. రెండో సెట్ కూడా నెబ్రాస్కా, 25–18. ఇంకొక్క సెట్ గెలిస్తే ఫైనల్. మూడో సెట్ పెన్ స్టేట్ 25–23తో లాక్కుంది. నాలుగో సెట్‌లో మళ్ళీ నెబ్రాస్కా ముందుకెళ్ళిపోయింది. స్కోరు 22–16. ఇంకో మూడు పాయింట్లు చాలు.

ఇక్కడ వీడియో పాజ్ చేసి లెక్క కట్టాను. ఉద్యోగం మానేసినా ఈ అలవాటు పోలేదు. ప్రతి పాయింట్‌కీ ఇద్దరికీ సమాన అవకాశం, అంటే టాస్ వేసినట్టే అనుకుందాం. 16–22 నుంచి సెట్ గెలిచే ఛాన్స్ నూటికి మూడు చిల్లర. ఆ తర్వాత ఐదో సెట్ కూడా గెలవాలి కదా, అది సగం సగం. మొత్తం మ్యాచ్ గెలిచే ఛాన్స్ నూటికి ఒకటిన్నర.

నిజంగా చూస్తే ఇంకా కష్టం. ఎందుకంటే ఈ లెవెల్‌లో సర్వీస్ చేసే టీమ్ కంటే సర్వీస్ అందుకునే టీమే ఎక్కువ పాయింట్లు గెలుస్తుంది. అందుకున్నవాళ్ళు బంతి లేపి, సెట్టర్‌కిచ్చి, స్మాష్ కొట్టే మొదటి అవకాశం తీసుకుంటారు. పాయింట్ గెలిస్తే సర్వీస్ మనకే వస్తుంది. అంటే వెనకబడ్డ టీమ్ ఒక్కో పాయింట్ గెలిచినప్పుడల్లా, తర్వాతి పాయింట్ కష్టమైన వైపు నుంచి ఆడాలి. వరసగా గెలవడం అందుకే అంత అరుదు.

కానీ ఈ ఆటలో ఒక మెలిక ఉంది. గడియారం లేదు. కబడ్డీలో చూడండి, చివరి రెండు నిమిషాల్లో ముందున్న టీమ్ ఏం చేస్తుంది? రైడర్ గీత దాటి, ముప్పై సెకన్లు అటూ ఇటూ తిరిగి, ఎవర్నీ ముట్టుకోకుండా వెనక్కొస్తాడు. టైమ్ తినేస్తాడు. తప్పు లేదు, అది తెలివి. వాలీబాల్‌లో ఆ దారి లేదు. 22 దగ్గర ఎంతసేపు కూర్చున్నా 25 కాదు. ఆ మూడు పాయింట్లు నువ్వే సంపాదించుకోవాలి.

సంపాదించలేకపోయారు. నెబ్రాస్కాకి రెండు మ్యాచ్ పాయింట్లు వచ్చాయి, రెండూ పోయాయి. సెట్ పెన్ స్టేట్‌ది, 28–26. అంటే 16–22 నుంచి ఆడిన 16 పాయింట్లలో పన్నెండు పెన్ స్టేట్ గెలిచింది. ఐదో సెట్ 15–13. అయిపోయింది, ఫైనల్లో పెన్ స్టేట్!

ఇప్పుడు నా పేపర్ మీద లెక్క చూడండి. ఐదు సెట్లూ కలిపితే నెబ్రాస్కా పాయింట్లు 112. పెన్ స్టేట్‌వి 109. ఎక్కువ పాయింట్లు కొట్టిన టీమ్ ఓడిపోయింది. అందుకే ఇది "నెబ్రాస్కా చేతులెత్తేసింది" అని తీసిపారేసే మ్యాచ్ కాదు. పెన్ స్టేట్ కూడా అనామక టీమ్ ఏమీ కాదు, రెండూ టాప్ సీడ్‌లే. నవంబర్ చివర్లో నెబ్రాస్కాని ఓడించి బిగ్ టెన్ టైటిల్‌ని వాళ్ళతో పంచుకుంది కూడా. జెస్ మ్రూజిక్, కామ్రిన్ హానా స్మాష్‌లు కొట్టారు. వాళ్ళకి బంతి లేపి ఇచ్చిన సెట్టర్ ఇజ్జీ స్టార్క్ ఫస్ట్ ఇయర్ అమ్మాయి. ఇంకో అమ్మాయి కారొలైన్ జురేవిషస్, అంతకు ముందు ఏడాది నెబ్రాస్కా టీమ్‌లోనే ఉంది!

ఇక అసలు మనిషి దగ్గరికొద్దాం. పెన్ స్టేట్ కోచ్ కేటీ షూమాకర్ కాలీ. 1999లో పెన్ స్టేట్ మొదటి టైటిల్ గెలిచినప్పుడు ఆ టీమ్‌లో ఆడారు. తర్వాత అదే టీమ్‌కి కోచ్ అయ్యారు. 2024 అక్టోబర్‌లో, సీజన్ మధ్యలో, తనకి రొమ్ము క్యాన్సర్ అని, రెండో స్టేజ్ అని బయటికి చెప్పారు. కీమో తీసుకుంటూనే కోచింగ్ చేశారు. ఆ సెమీఫైనల్ రోజు కూడా బెంచ్ దగ్గర ఆవిడే.

ఇక్కడ అందరూ చేసేది ఒకటుంది. "క్యాన్సర్‌తో పోరాడే కోచ్, ఆవిడ కోసం గెలిచిన అమ్మాయిలు" అని మ్యూజిక్ వేసేస్తారు. నేను వేయను. ఎందుకో చెప్తా.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు మా అమ్మకి కీమో నడిచింది. అమ్మ టీచర్. మూడు వారాలకో సైకిల్. మొదటి వారం మంచం మీదే, రెండో వారం లేచి కూర్చునేది, మూడో వారం బడికి వెళ్ళేది. చుట్టాలందరూ "రెస్ట్ తీసుకోవచ్చుగా" అనేవాళ్ళు. ఎక్కువగా అన్నది నేనే. ఒకరోజు అమ్మ అంది: "బళ్ళో పిల్లలు లెక్క అర్థం కాలేదంటారు రా, ఒంట్లో ఎలా ఉందని అడగరు. నాకు అదే బాగుంటుంది." నాకప్పుడు అర్థం కాలేదు, మొండితనం అనుకున్నా. ఇప్పుడు అమ్మ బాగానే ఉంది. ఈ వీడియో చూసి ఫోన్ చేసి తిడుతుంది కూడా.

ఆ కోచ్ మనసులో ఏముందో నాకు తెలియదు, తెలుసని చెప్పను. కానీ 16–22 దగ్గర ఆ బెంచ్‌ని చూస్తున్నప్పుడు నాకు కనపడింది జబ్బు మనిషి కాదు. పనిలో ఉన్న మనిషి. అమ్మ బడికి ఎందుకు వెళ్ళిందో ఇన్నేళ్ళకి అక్కడ అర్థమైంది. ఆట గెలిస్తే జబ్బు తగ్గదు. ఓడితే పెరగదు. ఆ రెండూ కలిపి కథ కడితే, కీమో తీసుకుని ఆట ఓడిన వాళ్ళకి మనం ఏం చెప్తాం?

అవతలి బెంచ్ కూడా చూడాలి. నెబ్రాస్కా కోచ్ జాన్ కుక్, నాలుగు టైటిళ్ళు గెలిపించిన మనిషి. నెల తిరగ్గానే, 2025 జనవరిలో రిటైర్మెంట్ ప్రకటించారు. అంటే ఆయన చివరి మ్యాచ్ ఇదే అయింది. ఒక్క పాయింట్ దూరం దాకా వచ్చి ఆగిపోయింది.

డిసెంబర్ 22న ఫైనల్. ప్రత్యర్థి సొంత ఊరి టీమ్ లూయివిల్. చూడటానికి వచ్చినవాళ్ళు 21,860 మంది. అప్పటి వాళ్ళ కోచ్ డానీ బుస్‌బూమ్ కెల్లీ కూడా మహిళే. 1981లో ఈ టోర్నమెంట్ మొదలైనప్పట్నుంచి 43 టైటిళ్ళు గెలిస్తే, 43 సార్లూ హెడ్ కోచ్ మగవాడే. ఆడేది అమ్మాయిలు, కప్పు పట్టుకునే కోచ్ మాత్రం మగవాడు. ఆ రోజు ఎవరు గెలిచినా ఆ లెక్క మారాల్సిందే. పెన్ స్టేట్ 3–1తో గెలిచింది, రెండో సెట్ 34–32 దాకా వెళ్ళింది. మ్రూజిక్ ఒక్కతే 29 కిల్స్. ప్రత్యర్థి తిరిగి లేపలేని స్మాష్‌ని కిల్ అంటారు. నలభై నాలుగో టైటిల్‌కి మొదటిసారి ఒక మహిళా కోచ్.

చివరిగా ఒక్క మాట. నూటికి ఒకటిన్నర అంటే అరవై, డెబ్భై మ్యాచ్‌లలో ఒకటి. మిగతా వాటిలో 22–16 ముందున్న టీమే గెలుస్తుంది, వాటి మీద ఎవరూ వీడియో చేయరు. కాబట్టి "వదలకపోతే గెలుస్తాం" అని నేను చెప్పను. 16–22 దగ్గర ఆ అమ్మాయిలు చేసింది తర్వాతి సర్వీస్ వేయడం. అంతే.

మీ కాలేజీలో అమ్మాయిల టీమ్ ఉండేదా? వాళ్ళకి గ్రౌండ్ దొరికేదా? కామెంట్స్‌లో రాయండి, అన్నీ చదువుతాను. మా బ్యాచ్ అమ్మాయిలు ఎవరైనా చూస్తుంటే, గ్రౌండ్ విషయంలో సారీ. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.