ఋజువు చేయవలసినది ఎవరు?



సికింద్రాబాదు రెజిమెంటల్ బజారులో ఉదయము నల్లా వచ్చు వేళ ఇంటింట బిందెలు నిండు చప్పుడు వినవచ్చును. ఆ వీధిలోని కిరాణా వర్తకుడొకరు మొన్న మమ్ము ఆపి, చెరువునకు అంత దూరమున కర్మాగారము పెట్టినచో వచ్చు నష్టమేమని, హాని కలుగునని ఎవరైన ఋజువు చేసిరా అని అడిగిరి. పెక్కుమంది మనస్సులలో ఉన్న ప్రశ్నయే ఇది. మన జంటనగరముల చెరువులను గూర్చిన వ్యాజ్యమొకటి దీనికి దేశమునకంతకును సమాధానము సమకూర్చినది.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ వరద వేలమందిని బలిగొన్నది. ఆ పిదప వరదను నిలుపుటకును, త్రాగునీటికిని రెండు జలాశయములు నిర్మింపబడినవి. 1920లో మూసీపై ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీపై హిమాయత్‌సాగర్ పూర్తియైనవి. వానిని కాపాడుటకు ప్రభుత్వము 1996 మార్చి 8న 111వ ఉత్తర్వు వెలువరించి, 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్యకరములగు పరిశ్రమలను, పెద్ద హోటళ్ళను, నివాసపు కాలనీలను నిషేధించినది.

ఆ పరిధిలోని పెద్దషాపూరు గ్రామమున ఆముదపు నూనె ఉత్పన్నముల కర్మాగారము పెట్టదలచిన కంపెనీకి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించినది. అప్పీలు అధికారి కంపెనీ పక్షమున తీర్పు చెప్పిరి. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ఆ కర్మాగారమునకు మినహాయింపు నొసగినది. వివాదము సుప్రీంకోర్టునకు చేరినది.

1999 జనవరి 27న జస్టిస్ ఎం. జగన్నాథరావుగారు వ్రాసిన తీర్పు ముందుజాగ్రత్త సూత్రమును విశదపరచినది. విజ్ఞానశాస్త్రము నిశ్చయముగా చెప్పలేని చోట హాని జరుగువరకు వేచియుండరాదు. ఉన్న స్థితిని మార్పదలచినవారే తమ పని నిరపాయకరమని నిరూపింపవలెను. ఇంటి మాటలలో చెప్పవలెనన్న, పాలగిన్నెలో ఏదేని పొడి చల్లదలచిన వాడు అది విషము కాదని తానే చూపవలెను గాని, త్రాగిన బిడ్డ జబ్బుపడి ఋజువు చూపనక్కరలేదు. 2000 డిసెంబరు 1న రెండవ తీర్పున ప్రభుత్వపు మినహాయింపు కూడ చెల్లదని కోర్టు తేల్చినది. మంచినీటి హక్కు జీవించు హక్కులో భాగమనియు చెప్పినది.

ఈ తీర్పులు శాస్త్రజ్ఞులతో కూడిన పర్యావరణ న్యాయస్థానముల అవసరమును గూడ ఎత్తిచూపినవి. 2010లో పార్లమెంటు జాతీయ హరిత ట్రిబ్యునలు చట్టమును చేసినపుడు ముందుజాగ్రత్త సూత్రమును పాటింపవలెనని 20వ సెక్షనులోనే వ్రాసినది. ఒక ఆముదపు కర్మాగారపు తగవు అంత దూరము ప్రయాణించినది.

అయినను ఉత్తర్వుతో వచ్చిన రక్షణ ఉత్తర్వుతోనే పోవచ్చును. త్రాగునీటికి నగరము నేడు ప్రధానముగా కృష్ణ, గోదావరి, మంజీర జలములపై ఆధారపడుచున్నదను కారణమున, 2022 ఏప్రిల్ 12న తెలంగాణ ప్రభుత్వము 69వ ఉత్తర్వు ద్వారా 111వ ఉత్తర్వులోని ఆంక్షలను తొలగింప నిశ్చయించినది. జలముల నాణ్యత చెడరాదని షరతు మాత్రము పెట్టినది.

ఆ వాదములో ఒక లోపమున్నది. ఆ జలాశయములు త్రాగునీటికి మాత్రమే పుట్టినవి కావు. వరద భయమున పుట్టినవి. 2025 సెప్టెంబరులో వాని తూములెత్తినపుడు మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్సు స్టేషనును ముంచినది. పరివాహకమున నేలనంతయు సిమెంటుతో కప్పినచో ఇంకుటకు తావులేని వాననీరు ఒక్కుమ్మడిగా దిగివచ్చును. నల్లాలో నీరు ఎచటినుండి వచ్చినను, వరద మాత్రము ఈ చెరువులనుండియే వచ్చును.

కావున ఆ వర్తక మిత్రునకు మేము చెప్పిన ప్రత్యుత్తర మిది. వారి ప్రశ్న సరియైనదే. అడుగవలసిన మనిషి వేరు. కట్టడము కట్టదలచినవారిని, అనుమతి ఇచ్చు అధికారిని అడుగవలెను. వారు ఋజువు చూపనిచో బాధితులు హరిత ట్రిబ్యునలును నేరుగా ఆశ్రయింపవచ్చును. ఆ మార్గమును చట్టమే మనకు తెరచియుంచినది.