అరచేతిలోని అంగడి: వాణిజ్య ఖాతా, వర్తకుని మాట



కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ జిల్లాలో పండే వరి, పత్తి రాజేంద్ర గంజ్‌కు చేరి, అక్కడినుండి దూరదేశాలకు పోవటం మనకు నిత్యదర్శనమే. కన్నడం, తెలుగు, ఉర్దూ మూడింటిలోను బేరమాడగలగటం ఇక్కడి వర్తకునికి తరతరాల పెట్టుబడి. ఆ పెట్టుబడిని సెల్‌ఫోన్ తెరపై ఎట్లా వినియోగించుకోవాలన్నదే నేటి ప్రసంగ విషయం.

మొదట సొంత ఖాతాకు, వాణిజ్య ఖాతాకు గల భేదాన్ని గ్రహించాలి. చిన్న వర్తకులను ఉద్దేశించి వాట్సాప్ సంస్థ 2018 జనవరిలో వాట్సాప్ బిజినెస్ అనే వేరొక యాప్‌ను వెలువరించింది. దానిని ఉచితంగానే పొందవచ్చు. అందులో దుకాణం పేరు, చిరునామా, పనివేళలు కొనుగోలుదారునికి కనబడతాయి. సరుకుల చిత్రాలను ధరలతో సహా కేటలాగ్‌గా అమర్చవచ్చు. అంగడి మూసిన వేళ వచ్చిన సందేశానికి ముందుగా వ్రాసిపెట్టిన జవాబు దానంతటదే వెళుతుంది. కొత్త బేరం, సొమ్ము రావలసినది, సరుకు పంపినది అని సంభాషణలకు గుర్తులు పెట్టుకోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లోను సొంత ఖాతాను రుసుము లేకుండా వాణిజ్య ఖాతాగా మార్చుకోవచ్చు. అప్పుడు ఏ చిత్రాన్ని ఎందరు చూశారో లెక్క తెలుస్తుంది.

అయితే ఇవన్నీ పనిముట్లు మాత్రమే. అంగడిలో కొనుగోలుదారుడు బియ్యాన్ని గుప్పిట పట్టి, నలిపి, వాసన చూసి కొంటాడు. తెరపై అతనికి ఆ అవకాశం లేదు. కాబట్టి చేతి స్పర్శ చేయవలసిన పనిని మన మాట చేయాలి. సోనా మసూరినే ఉదాహరణగా తీసుకొందాము. సోనా, మసూరి అనే రెండు రకాల సంకరం వలన ఏర్పడిన వంగడమది. నేడు బజారులో ఆ పేరుమీద ఇతర సన్న రకాలు కూడా అమ్ముడుపోతున్నాయి. “మేలైన సోనా మసూరి” అని మాత్రమే వ్రాస్తే కొనేవారికి తెలిసేది శూన్యం. అసలు రకమేది, పాత బియ్యమా కొత్త బియ్యమా, ఏ పంటకాలానిది, ఎక్కడి మిల్లులో ఆడించినది అన్న నాలుగు సంగతులు చెప్పాలి. కొత్త బియ్యపు అన్నం ముద్ద కడుతుంది, పాతది పొడిపొడిగా ఉంటుంది. చెప్పకుండా పంపితే వంట అయిన నాడే మన పేరు పోతుంది.

తూకం విషయమూ అంతే. 2022 జూలై 18 నుండి 25 కిలోలు, అంతకు లోపు బరువుగల లేబులు సంచులపై జీఎస్టీ అమలులోకి రావటంతో 26 కిలోల సంచులు వాడుకలోకి వచ్చాయి. రెండు దుకాణాల ధరలను పోల్చే గృహిణికి ఆ ఒక్క కిలో తేడా తెలియాలి. అందుచేత ధర ప్రక్కనే బరువు వ్రాయటం ధర్మం. రవాణా ఖర్చు ఎవరిదో కూడా అక్కడే చెప్పాలి.

ఇక భాష. ఒకే ప్రకటనను మూడు భాషలలో పెట్టదలచినవారు యంత్రానువాదాన్ని సరిచూడక వాడరాదు. ఉర్దూలో “కల్” అనే మాట నిన్నకూ రేపటికీ చెల్లుతుంది. సరుకు ఏనాడు వస్తుందో చెప్పవలసినచోట ఇది తగవుకు దారి తీస్తుంది. కనుక తేదీని అంకెలలో వ్రాయండి. కన్నడంలో “హళె అక్కి” అన్నా, తెలుగులో “పాత బియ్యం” అన్నా కొనేవారికి తమ వంటింటి మాట కనబడాలి. నిఘంటువులలోని గంభీర పదాలకంటె బజారు మాటయే ఇక్కడ ప్రమాణం.

సందేశాలు పంపటంలో మితం పాటించాలి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చవచ్చు. కాని మన నంబరును తమ ఫోనులో దాచుకొన్నవారికే ఆ సందేశం చేరుతుంది. ఈ నియమంలో ఒక నీతి ఉన్నది: మనలను గుర్తుంచుకొన్నవారే మన మాట వింటారు. ఎక్కడో సంపాదించిన నంబర్లకు వరుసగా ప్రకటనలు పంపితే, విసిగినవారు ఫిర్యాదు చేస్తారు. ఫిర్యాదులు పెరిగితే ఖాతాయే నిలిచిపోవచ్చు. కొన్నవారిని అడిగి, వారు సరేనన్న పిమ్మటనే జాబితాలో చేర్చండి.

చట్టం తెరపై ప్రకటనకూ వర్తిస్తుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు తయారీదారుపైగాని, ప్రచారం చేసినవారిపైగాని 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. మరల చేస్తే 50 లక్షల వరకు. “ఈ పిండి తింటే మధుమేహం నయమవుతుంది” వంటి మాటలు వ్రాయకండి. పచ్చళ్ళు, పొడులు, రొట్టెలు అమ్మే సోదరీమణులు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారిచ్చిన 14 అంకెల సంఖ్యను కేటలాగ్‌లో చూపితే కొనేవారికి భరోసా కలుగుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది ఖాతా ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్న. ఫోను తెలిసిన కుర్రవాని సొంత నంబరుతో దుకాణపు ఖాతా తెరిచే ఆచారం మనలో ఉన్నది. ఆ కుర్రవాడు పని మానిన నాడు కేటలాగ్, పాత సంభాషణలు, కొనుగోలుదారుల పరిచయం అన్నీ అతనితోనే పోతాయి. ఇది అతని దోషం కాదు, ఏర్పాటులోని లోపం. సిమ్ యజమాని పేర, సంఘమైతే సంఘం నిర్ణయించిన ప్రతినిధి పేర ఉండాలి. రెండంచెల ధృవీకరణ పెట్టుకోవాలి. ఫోనుకు వచ్చే ఆరు అంకెల సంకేతాన్ని ఎవరడిగినా చెప్పరాదు. మనకు సొమ్ము రావటానికి యూపీఐ పిన్ నొక్కవలసిన పని లేదు. నొక్కమన్నవాడు మోసగాడు. మోసం జరిగితే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయాలి.

ఈ వారంలో మూడు పనులు చేయండి. ఖాతా ఎవరి నంబరుపై ఉన్నదో చూడండి. బాగా అమ్ముడయ్యే ఐదు సరుకులకు వెలుతురులో తీసిన చిత్రం, బరువు, ధర పెట్టండి. పనివేళలు సరిచేయండి. ఆరవ సరుకు సంగతి వచ్చే వారం చూడవచ్చు. గంజ్‌లో నోటిమాటపై లక్షల బేరం సాగిన ఊరు మనది. తెరపైన వ్రాసిన మాటకూ అంతటి విలువ ఉండేటట్లు చూడటం మన చేతిలోనే ఉన్నది.