పేరయ్యకు దొరికిన సంతోషం



యర్రగుంట్ల పేరయ్య గారి స్మారకార్థం మాట్లాడమన్నారు. క్రీస్తులో దొరికే నిత్యసంతోషం గురించి చెబితే బాగుంటుందని కూడా అన్నారు. ఈ అంశం మీద ప్రసంగాలకు మన దగ్గర కరువేమీ లేదు. సెంటర్లో గోడల మీద అంటించిన పోస్టర్లు చూస్తే చాలు. ఈ కూడికకు వస్తే అప్పు తీరుతుంది, ఆ కూడికకు వస్తే వీసా వస్తుంది, ఇక ఆనందమే ఆనందం. నేను ప్రసంగీకుణ్ణి కాను, చరిత్ర చదువుకున్నవాణ్ణి. ఆ పోస్టర్లలోని ఆనందానికీ పేరయ్యకు దొరికినదానికీ చుట్టరికం బహు దూరమని నా అభిప్రాయం. ఎందుకలా అనుకుంటున్నానో చెబుతాను.

పేరయ్య కథ ఎవరు చెప్పినా ఆయన బాప్తిస్మం తీసుకున్న 1866తో మొదలుపెడతారు. అంతకు ముందు ఆయన ఎవరన్నది నాకు ముఖ్యం. ఆయన మాదిగ. ఒంగోలుకు పడమరగా నలభై మైళ్ల దూరంలో ఉన్న తాళ్ళకొండపాడు మనిషి. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. బడి గడప తొక్కనివ్వని కాలంలో ఆయన రాజయోగం సాధన చేశాడు. గురువును వెతుక్కున్నాడు, ఉపదేశం తీసుకున్నాడు, చివరికి తానే నలుగురికి గురువయ్యాడు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అనే పుస్తకంలో ఈ మాదిగ యోగుల లోకం కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. మిషనరీలు వచ్చేదాకా పల్లెల్లో అంతా చీకటేనని మన ప్రసంగాల్లో అలవాటుగా అంటుంటారు. ఆ పుస్తకం చదివినవాళ్లు ఆ మాట అనలేరు.

కళ్లు మూసుకుని కూర్చుంటే లోపల నెమ్మది దొరుకుతుందని పేరయ్యకు క్రీస్తు పేరు వినకముందే తెలుసు. మరి బాప్తిస్మం ఎందుకు తీసుకున్నట్టు? ఈ ప్రశ్న తేలితే నా ఉపన్యాసం అయిపోయినట్టే.

ముందు కొంచెం నేపథ్యం, తొందరగా. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో శామ్యూల్ డేతో మొదలైంది. 1840 నుంచి నెల్లూరే దాని కేంద్రం. పదిహేను ఇరవై ఏళ్లు గడిచినా వేళ్ల మీద లెక్కపెట్టే సంఘమే. 1853లో ఇక మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. ఎలాగో మూయలేదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు, ఈ అయిదుగురూ ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశారు. ఇవాళ మీరు ప్రార్థన కొండ అంటున్నది అదే. క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866 సెప్టెంబరులో. మధ్యలో పన్నెండేళ్లు. ఆ అయిదుగురిలో ముగ్గురు మన మనుషులే, ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లని కాస్త గుర్తుపెట్టుకోండి.

క్లౌ రాకముందే పేరయ్య దారిలో ఉన్నాడు. తోళ్ల బేరానికి ఉత్తరం వైపు ఊళ్లకు వెళ్లినప్పుడు ఈ కొత్త మాట చెవినపడింది. ఏలూరు వెళ్లి అక్కడి మిషనరీ అలెగ్జాండర్ దొరను కలిశాడు. ఒంగోలుకు ఒక దొర రాబోతున్నాడు, ఆయన్ను అడుగు అని ఆయన చెప్పి పంపాడు. 1866లో పేరయ్య, ఆయన భార్య నాగమ్మ ఇద్దరూ ఒంగోలులో బాప్తిస్మం తీసుకున్నారు. దొర వచ్చి పేరయ్యను వెతికి పట్టుకోలేదు. పేరయ్యే వెతుక్కుంటూ వెళ్లాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. ధ్యానం చేసే మనిషి ఇంట్లో కూర్చోలేదు. తాను పాత ఉపదేశం చెప్పిన ఊళ్లకే, పాత శిష్యుల దగ్గరికే మళ్లీ వెళ్లాడు. 1867 జనవరిలో తాళ్ళకొండపాడు రమ్మని క్లౌకు కబురు పెట్టాడు. దొర గుర్రం మీద వెళ్లి డేరా వేయించాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం చింతతోపులోకి వచ్చారు. వాళ్లు చేతులూపుకుంటూ రాలేదు. నాలుగు రోజులకు సరిపడా తిండిమూటలు తెచ్చుకున్నారు, బాప్తిస్మానికి కట్టుకోవడానికి ఉతికిన బట్టలు విడిగా తెచ్చుకున్నారు. అంటే నిర్ణయం ఇంటి దగ్గరే అయిపోయింది. దొర ప్రసంగం విని ఉద్రేకపడి మునిగినవాళ్లు కారు. ఆ జనవరిలో అక్కడ 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికి ఒంగోలు సంఘం వయసు మూడు వారాలు, మొదటి రోజు దాని సభ్యులు ఎనిమిది మంది.

ఈ 28 మంది వల్ల క్లౌకు పెద్ద చిక్కు వచ్చిపడింది. ఒంగోలు పట్టణంలో బ్రాహ్మణులు, కోమట్లు తమ పిల్లలను దొర బడికి పంపుతూ, ఆయన చెప్పేది కూడా ఆసక్తిగా వింటున్నారు. మాదిగలను చేర్చుకున్నారని తెలిసేసరికి వెనకడుగు వేశారు. వాళ్లు కావాలా, మేము కావాలా అన్నట్టయింది. పైవాళ్లు ముందొస్తే కిందివాళ్లు తర్వాత వస్తారని ఆ కాలంలో చాలామంది మిషనరీల లెక్క. క్లౌ తన గదిలో కూర్చుని బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కంటపడింది. లోకం వెర్రివాళ్లని, బలహీనులని తీసిపారేసినవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడన్న భాగం. పక్క గదిలో భార్య హారియెట్ కూడా అదే బాధతో బైబిలు పట్టుకుంటే ఆమెకూ అదే భాగం తగిలింది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకుని నిర్ఘాంతపోయారట. దీన్ని అద్భుతమనండి, కాకతాళీయమనండి, మీ ఇష్టం. నాకు కనబడేది వేరు. ఆ పుటలు దొర తెరవకముందే చింతతోపులో జనం నిర్ణయం అయిపోయింది. దొరకు చేయవలసిందల్లా వాళ్లను కాదనకుండా ఉండడమే.

ఇక సంతోషం వెలకు వద్దాం. చేరేవాళ్లకు క్లౌ పెట్టిన కట్టుబాట్లు పెద్దవేమీ కావు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఊరి లెక్కలో ఇవి మూడూ మూడు తిరుగుబాట్లు. ఆదివారం పనికి రానంటే రైతుకు కోపం. జాతరకు డప్పు కొట్టనంటే కరణానికీ మునసబుకీ కోపం. బావి దగ్గరికి రానివ్వలేదు, తప్పుడు కేసులు పెట్టారు, కొట్టారు. బాప్తిస్మంతో కష్టాలు తీరలేదు, కొత్తవి మొదలయ్యాయి. అయినా జనం పెరుగుతూనే వచ్చారు. లాభం చూసుకుని వచ్చారని చరిత్ర రాసేవాళ్లు 1867 తర్వాతి ఈ పదేళ్లను దాటవేయడానికి వీల్లేదు.

డప్పు సంగతి వచ్చింది గనుక ఒక్క మాట. వెట్టికి కొట్టే డప్పు మానడం వాళ్ల ఆత్మగౌరవం. కానీ డప్పునే పాపం అన్నట్టు చూసిన మిషనరీ మనసును నేను సమర్థించలేను. ఇవాళ మన పల్లెల్లో క్రిస్మస్ ఊరేగింపుకు డప్పు మోగుతుంటే, ఎవరి ఆజ్ఞా లేకుండా తన ఇష్టానికి కొట్టేవాడి చేతుల్లో ఆ దరువు వేరేగా వినిపిస్తుంది నాకు.

డప్పు పోయిన చోటికి పాట వచ్చింది. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరవండి. ప్రతి పాట నెత్తిన రాగం, తాళం రాసి ఉంటాయి. అందులో మీరు ఎక్కువగా పాడేవి పురుషోత్తమ చౌధరి గారివి. 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకుని, 1890 దాకా బతికిన మనిషి. కులం పోయింది, ఇల్లు దూరమయింది, చేతిలో ఉన్న సంగీతం మాత్రం మిగిలింది. కచేరీల్లో వినబడే రాగాలు మాదిగపల్లెలో సాయంకాలం కూడికలో, తాళాలతో, కంఠం ఎంత వస్తే అంతలో మోగడం మొదలయింది. బ్రాహ్మణుడు కట్టిన కీర్తన, తోలు కుట్టే చేతుల చప్పట్లు. ఆ కాలపు ఊళ్లో ఈ రెండూ కలిసే చోటు మరొకటి ఉంటే నాకు చూపించండి.

1876 నుంచి 78 దాకా ధాత కరువు. పెద్దవాళ్ల నోట దాని కథలు విన్నవాళ్లు ఈ సభలో ఇంకా ఉండవచ్చు. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌకు సర్వే పని వచ్చు. ఆయన 3 మైళ్ల పైచిలుకు కాలువకు కాంట్రాక్టు తీసుకుని రాజుపాలెం దగ్గర శిబిరం వేశాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. మిగతా చోట్ల మేస్త్రీ కొరడా తీసేవాడు, కూలి కోసేవాడు. ఇక్కడ కూలి పూర్తిగా ఇచ్చేవారు, పని మధ్య అలుపు తీర్చుకునే వేళ మేస్త్రీ పక్కన కూర్చుని మాట చెప్పేవాడు. వేలమంది వచ్చారు. మాకు బాప్తిస్మం ఇవ్వండి అని అడిగారు.

క్లౌ ఇవ్వలేదు. కూలి డబ్బులు, గంజి తన చేతి మీదుగా పోతున్నన్నాళ్లూ, దాదాపు పదిహేను నెలలు, ఒక్కరినీ చేర్చుకోలేదు. బియ్యం కోసం మతం మారారనే మాట ఆయనకు తెలియంది కాదు. కరువు సాయం ఆగిపోయాక, 1878 జూన్‌లో ఒంగోలుకు పది మైళ్ల దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లిలో బోధకులను కలుద్దామని కబురు పెట్టాడు. వాళ్ల వెనక జనం విరగబడి వచ్చారు. ఆయన ఎత్తయిన చోట నిలబడి, నా దగ్గర ఇక డబ్బు లేదు, సాయమేమీ లేదు, ఇళ్లకు పొండి అన్నాడు. వాళ్లు అరచేతులు చూపించారు, బొబ్బలెక్కి ఉన్నాయి. మేము పని చేసుకు బతకగలం, అడుక్కోవడానికి రాలేదు, వచ్చే పంట కూడా పోతే చస్తాం, చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తాం అన్నారు. క్లౌ తన ఆత్మకథలో ఈ ఘట్టం చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయన కాదనలేకపోయాడు.

జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో మొత్తం 3,536. ఆరుగురు బోధకులు వంతులవారీగా, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున నదిలో నిలబడ్డారు. గుమాస్తాలు పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరే దిగారు. దొర నీళ్లలోకి దిగలేదు. ఆ ఏడాది చివరికి ఈ లెక్క 9,606కు చేరింది. అంతమందిలో అందరి మనసూ ఒక్కలాగే ఉందని నేను అనను. పక్కింటివాళ్లతో పాటు వచ్చినవాళ్లు ఉంటారు, దొర అండ దొరుకుతుందని వచ్చినవాళ్లూ ఉంటారు. అండ కోరుకోవడం నేరం కాదు. కడుపుకూ ఆత్మకూ మధ్య గోడ కట్టి, ఒకటి శుద్ధం, ఒకటి మైల అనడం కూడా ఓ రకం అంటరానితనమే.

ఒక్క విషయం మాత్రం చూడండి. ఆ గుమాస్తా చదివిన పేర్లు. వెట్టికి పిలిచేటప్పుడు ‘ఒరేయ్’ తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి, వేలమంది వింటుండగా తన పేరు విని నదిలోకి అడుగు వేశాడు. పేరయ్యకు యోగంలో దొరకనిది ఇదేనని నా అభిప్రాయం. నెమ్మది ఆయనకు లోపలే ఉంది. దాన్ని నలుగురిలోకి తెచ్చి, ఆడా మగా కలిసి కూర్చుని, ఒకే పాట పాడి, ఒకే రొట్టె విరుచుకునే చోటు లేదు. ఆ చోటు దొరికింది గనుకే ఆయన ఊరూరూ తిరిగాడు. అందరితో పంచుకుంటేగానీ నిలవని సంతోషం అది. పౌలు ఫిలిప్పీ సంఘానికి సంతోషం గురించి పదేపదే రాసింది ఖైదులో ఉండి. ఆ పత్రిక కూడా ఒంటరి ధ్యానం కాదు, స్నేహితులకు రాసిన ఉత్తరం.

డోర్నకల్లులో బిషప్ అజరయ్య గారు 1912 తర్వాత పంచుకోవాలన్న ఇదే సూత్రాన్ని ఇంకో రకంగా నడిపించారు. బాప్తిస్మం పొందిన ప్రతి మనిషీ సువార్త చెప్పాల్సిందేనని నేర్పారు. అక్కడి ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం సంఘం కుండలో వేసేవారు. తినడానికే చాలని ఇంట్లోంచి తీసిన పిడికెడు! ఇచ్చే స్థితి మాకూ ఉందన్న తృప్తి ఎలాంటిదో, ఎప్పుడూ చేయి చాచే పనే ఉన్నవాళ్లకు తెలుస్తుంది. ఇప్పటికీ కోత పండుగ నాడు వేలంపాటలో ఒక గుమ్మడికాయకు బజారు ధరకు పదింతలు పాడి, జేబు ఖాళీ చేసుకుని నవ్వుకుంటూ ఇంటికి పోయే మనిషిని మీరూ చూసి ఉంటారు.

అందరికీ ఈ చోటు దొరికిందనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. వినుకొండ బిడ్డ గుఱ్ఱం జాషువ పురాణ కథల మీద పద్యాలు రాస్తున్నాడని చర్చివాళ్లే ఆయన్ను దూరం పెట్టారు. హిందువులు కులం పేర తోశారు, క్రైస్తవులు పద్యం పేర తోశారు. ఆ మనిషే ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు, దానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ప్రభువు బల్లను మాలలకూ మాదిగలకూ వేరువేరుగా వేసుకున్న సంఘాలు కూడా మన చరిత్రలో ఉన్నాయి. ఆ బల్లల దగ్గర పేరయ్య సంతోషం లేదు.

వెల ఇంకా తీరలేదు కూడా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మతం మారిన దళితుడికి మన రాష్ట్రంలో బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే పల్లెల్లో రెండు పేర్లు: బడి రిజిస్టరులో ఒకటి, బాప్తిస్మపు పుస్తకంలో ఇంకొకటి. ఇది మోసమని పైనుంచి తీర్పు చెప్పేవాళ్లు, గుండ్లకమ్మలో పేరు చదివించుకుని దిగిన మనిషి మనవడు సర్టిఫికెట్ కోసం ఆ పేరు ఎందుకు దాచుకోవలసి వస్తోందో ముందు జవాబు చెప్పాలి. ఆ దాపరికం ఆరు రోజులే. ఆదివారం ఉదయం గంట కొట్టగానే వాడు బాప్తిస్మపు పేరుతోనే పలుకుతున్నాడు.