జపాను 'పల్లెబడి' : విదేశ రంగస్థలములు

ఒక దేశపు నాటకము మరొక దేశమునకు పోవునపుడు సమగ్రముగా పోవుట అరుదు. జపాను చారిత్రక నాటకము 'సుగవారా దెన్‌జు తెనరాయి కగామి' ఇందుకు తగిన ఉదాహరణము. తకెదా ఇజుమో మొదలగువారు కలసి రచించిన ఈ నాటకము 1746లో ఒసాకా నగరమున బొమ్మలాటగా ప్రదర్శింపబడి, అచిరకాలముననే కబుకి రంగము నెక్కినది. 901లో రాజధానినుండి వెడలగొట్టబడిన పండితమంత్రి సుగవారా మిచిజానే గాథ దీనికి మూలము.

ఐదంకముల ఈ కృతినుండి పాశ్చాత్యులను ప్రధానముగా ఆకర్షించినది ఒక్క రంగము. 'తెరకోయ', అనగా పల్లెబడి. మంత్రికుమారుని తన బడిలో దాచియుంచిన గురువు గెంజోకు, ఆ బాలుని శిరస్సు నొప్పగింపుమని శత్రువుల ఆజ్ఞ వచ్చును. వేరు దారి లేక అతడు ఆనాడే బడిలో చేరిన మరొక బాలుని వధించును. శిరస్సును గుర్తుపట్ట వచ్చిన మత్సువో దానిని తేరిపార జూచి, అది మంత్రికుమారునిదే యని పలికి వెడలిపోవును. హతుడైన బాలుడు అతని కన్నకొడుకే. ఈ గతి పట్టునని యెరిగియే తండ్రి వానిని బడికి పంపినాడు!

తోక్యోలో ఆచార్యుడుగా నుండిన జర్మను పండితుడు కార్ల్ ఫ్లోరెంజ్ చేసిన అనువాదము 1900లో వెలువడినది. 1913లో, ఇరువదేండ్లైన నిండని కార్ల్ ఓర్ఫ్ ఆ అనువాదము ననుసరించి 'గిసెయి' అను సంగీతనాటకమును కూర్చెను; కాని అది రంగమెక్కినది 2010లో, డార్మ్‌స్టాట్ నగరమున. 1916లో న్యూయార్కునందు వాషింగ్టన్ స్క్వేర్ ప్లేయర్స్ అను నాటకబృందము ఈ కథను 'బుషిదో' యను పేర ప్రదర్శించినది. తరువాత ప్రఖ్యాతి గాంచిన నటి కాథరిన్ కార్నెల్ అందొక చిన్న పాత్ర ధరించినది. 1920లో వైన్‌గార్ట్నర్ రచించిన 'పల్లెబడి' గేయనాటకము వియన్నాలో వెలసినది.

'బుషిదో' యనగా యోధధర్మము. ఆ పేరే ఒక విమర్శ. మత్సువో తండ్రి మంత్రి యాశ్రితుడు. ముగ్గురు కవల సోదరులలో మత్సువో యొక్కడే శత్రువుల కొలువున చిక్కుకొని కృతఘ్నుడను నింద మోసినవాడు. ఈ పూర్వకథ ముందరి యంకములలో నున్నది. దానిని త్రుంచివేసినచో, ఋణభారముతో క్రుంగిన ఒక తండ్రి దుఃఖము ఒక జాతి కాఠిన్యముగా కనబడును.

ఈ అపోహ తుదకు స్వదేశమునే చేరినది. 1945 నవంబరులో తోక్యోలో సాగుచున్న 'తెరకోయ' ప్రదర్శనమును, ప్రభుభక్తిని ప్రబోధించుచున్నదని, అమెరికను సైనికాధికారులు నిలిపివేసిరి. కొంతకాలమునకు మరల అనుమతి లభించినది.

కడపటి ఘట్టమున మత్సువో తన కొడుకు చిరునవ్వుతో శిరస్సు వంచెనని విని నవ్వబోయి యేడ్చును. ఆ కన్నీటిని గమనించినవారికి ఇది త్యాగప్రశంస మాత్రమే కాదనియు, త్యాగమునకు చెల్లించిన వెల యెంతయో లెక్కించిన నాటకమనియు తోచకమానదు.