వీడ్కోలు వేళ కలిగే దిగులు



పరదేశంలో కొంతకాలం నివసించి తిరిగివచ్చే వారికి స్వదేశం చేరుతున్నామన్న సంతోషంతోపాటు దిగులు కూడా కలుగుతుంది. అది రాగమనీ, ఉపాసకునికి తగదనీ కొందరంటారు. హ్యూయన్ త్సాంగ్ చరిత్ర చదివితే ఆ మాట నిలువదు.

ఏడవ శతాబ్దంలో ఆ చైనా భిక్షువు మన ఈ దక్షిణ కోసలాన్ని దర్శించి, ఇక్కడినుండి ఆంధ్రదేశానికి వెళ్లినారు. ధాన్యకటకంలో కొన్ని నెలలుండి, ఇద్దరు భిక్షువుల వద్ద అభిధర్మం అభ్యసించినారు. ఆయన స్వదేశానికి మరలబోగా, బుద్ధుడు పుట్టిన నేలను విడువవద్దని నలంద భిక్షువులు వారించినారు. విన్న ధర్మాన్ని తనవారికి అందించాలన్న ఆయన సంకల్పాన్ని గురువు శీలభద్రుడు మెచ్చి అనుమతించినారు.

సింధునది దాటేటప్పుడు కొన్ని గ్రంథాలు నీటిపాలైనాయి. అయినా 645లో 657 గ్రంథాలతో స్వదేశ రాజధాని చాంగాన్ చేరినారు. 654లో భారతదేశానికి వ్రాసిన లేఖలో గురువు మరణానికి శోకించినారు. అదే లేఖతో, పోయిన గ్రంథాల పట్టిక పంపి ప్రతులు కోరినారు. ఆ దిగులు ఆయన పనిని ఆపలేదు. పని ఆ దిగులును చెరపలేదు.

మన భిలాయికీ ఇది కొత్త కాదు. 1955 ఒప్పందం తరువాత సోవియట్ నిపుణులు ఇక్కడ ఉండి, పని నేర్పి, తమ దేశానికి మరలినారు. 1959లో వెలిగిన తొలి బ్లాస్ట్ ఫర్నేసులో వారి శ్రమ ఉంది.

నేడు విదేశాల్లో చదివి ఇల్లు చేరిన మన బిడ్డల కంట తడి కనబడితే మందలించకండి. అక్కడి గురువులకు లేఖ వ్రాయమనండి. నేర్చినదానిని ఇక్కడివారికి నేర్పమనండి. కృతజ్ఞత కూడా మన ధర్మమే.