చలికాలమున ఇంటి వెచ్చదనము



తెలుగునాట చలి సముద్రతీరమున తెల్లవారుజామున పలుకరించి పోవును. ఆదిలాబాదు పల్లెలలోను, చింతపల్లి మన్యమున సుమారు 3,000 అడుగుల ఎత్తున నున్న లంబసింగిలోను మాత్రము ఇంటిలోనే తిష్ఠవేయును. లంబసింగిలో కొన్ని రాత్రులు ఉష్ణమాపకము సున్న డిగ్రీల చేరువకు దిగును. మబ్బులేని ఆకాశము క్రింద నేల పగటి వేడిని కోల్పోవుటయే ఇందుకు ముఖ్యకారణము. ఇట్టిచోట్ల సామాన్యుని ఇంట వేడిపుట్టించు యంత్రము లుండవు. అయినను వెచ్చగా నుండుటకు ఉపాయములు కలవు.

మానవదేహమే ఒక పొయ్యి. తిన్న అన్నమే దానికి వంటచెరకు. ఆరోగ్యవంతుని దేహము సుమారు 37 డిగ్రీల సెంటిగ్రేడు వేడిని నిలుపుకొనుచుండును. కంబళి వేడిని పుట్టింపదు. దేహపు వేడిని పోనీయదు. ఉన్నిపోగుల నడుమ చిక్కిన గాలి కదలకుండుటయే దాని రహస్యము. దళసరి దుప్పటి ఒక్కదానికంటె పలుచనివి రెండు మేలగుటకును, పాతచీరల పొరలతో అవ్వ కుట్టిన బొంత వెచ్చగా నుండుటకును ఇదియే కారణము.

క్రిందనుండి వచ్చు చలిని పలువురు మరతురు. ఎన్ని కప్పుకొన్నను, వట్టి గచ్చుపై పండుకొన్నవాని వేడి నేలపాలగును. చాపక్రింద ఎండు వరిగడ్డి పరచినచో ఆ నష్టము తగ్గును. తడితలతో నిద్రింపరాదు, నీరు ఆరుచు దేహపు వేడిని హరించును. సారాయి వెచ్చదనము వట్టి భ్రమ. అది రక్తమును చర్మమునకు మరలించి, లోని వేడిని బయటకు పోగొట్టును. సంక్రాంతి నువ్వుల ఉండ అంతకంటె నమ్మదగినది. నువ్వులలో దాదాపు సగము నూనెయే.

ఇక ముఖ్యమైనది కుంపటి. పొగ ఆగినది గదా యని బొగ్గుల కుంపటిని గదిలోనుంచి, తలుపులు బిగించి నిద్రించువారు కలరు. పొగ లేనంతమాత్రాన విషము లేకపోదు. చాలినంత గాలి లేక బొగ్గు కాలునపుడు కార్బన్ మోనాక్సైడను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనుదానికంటె 200 రెట్లకు మించిన బలముతో దానిని పట్టుకొనును. మెలకువగా నున్నవానికి తలనొప్పి, వాంతి హెచ్చరిక చేయును. నిద్రించువానికి ఆ హెచ్చరికయు అందదు. కావున కుంపటిని వాకిటనే కాచుకొని, పండుకొనునపుడు వెలుపలనే విడువవలెను. ఎవరికైన తల తిరిగినచో వెంటనే ఆరుబయటకు చేర్చి, ఆసుపత్రికి కొనిపోవలెను.

చంటిబిడ్డలు తమ చలిని చెప్పజాలరు, వృద్ధులు చెప్పుకొనరు. బిడ్డను తల్లి రొమ్మున హత్తుకొని తల కప్పవలెను. ఒంటరిగా నున్న ముసలివారికి కంబళి కలదో లేదో విచారించుట ఇరుగుపొరుగువారి ధర్మము. కుంపటి సంగతి గ్రంథాలయపు గడపలోనే ఆగిపోరాదు. చదువరులు దానిని చదువురాని ఇంటికి సయితము చేర్చినచో, ఒక కుటుంబమైనను సుఖముగా నిదురలేచును.