పశ్చాత్తాపంతో పాటు దిద్దుబాటు: పాడైన నీటినేలల పట్ల విశ్వాసి బాధ్యత

మొదటి ప్రసంగం

సకల ప్రశంసలు అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన మేఘాల నుండి నీటిని కురిపించాడు. దాన్ని నేలలో నిలిపి, మన కంటికి కానరాని ప్రాణులకు సైతం అందులో ఉపాధి సమకూర్చాడు. ఆయన అంతిమ ప్రవక్త మహనీయ ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతిశుభాలు వర్షించుగాక! అమ్మా బాద్.

విశ్వాసులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి మసలుకోండి. దివ్యఖుర్ఆన్‌లో పశ్చాత్తాపాన్ని గురించి వచ్చిన వాక్యాలను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. అనేక చోట్ల తౌబాతో పాటు ఇస్లాహ్ కూడా ప్రస్తావనకు వస్తుంది. అంటే, తప్పు నుండి మరలినవాడు ఆ తప్పు వల్ల చెడిపోయినదాన్ని చక్కదిద్దాలి. మన ధర్మవేత్తలు కూడా ఇదే చెప్పారు: పాపాన్ని మానటం, దానికి చింతించటం, మళ్లీ చేయనని నిశ్చయించుకోవటం తౌబాకు షరతులు. ఆ పాపంలో ఇతరుల హక్కు ఇమిడి ఉంటే, ఆ హక్కును తిరిగి అప్పగించటం కూడా షరతే. దొంగిలించిన సొమ్మును ఇంట్లో ఉంచుకొని ఇస్తిగ్ఫార్ పఠించినంత మాత్రాన బాధ్యత తీరిపోదు.

మరి మనం నేల హక్కును, నీటి హక్కును కాజేసి ఉంటే? దానికి తౌబా ఏమిటి? దిద్దుబాటు ఏమిటి? నేటి ప్రసంగంలో ఈ ప్రశ్ననే పరిశీలిద్దాం.

సోదరులారా! ప్రపంచంలో అత్యధిక సంఖ్యలో ముస్లింలు నివసించే దేశాలలో ఇండోనేషియా ఒకటి. ఆ దేశంలోని సుమత్రా, కలిమంతన్, పపువా ప్రాంతాల్లో పీట్ అనే ఒక రకం నేల విస్తారంగా ఉంది. అడవిలో రాలిన ఆకులు, విరిగిన కొమ్మలు, చచ్చిన వేళ్లు ఏడాది పొడుగునా నీటిలో నానుతూ, గాలి తగలనందున పూర్తిగా కుళ్లిపోక, పొర మీద పొరగా పేరుకొని ఆ నల్లని నేల ఏర్పడింది. ఒక మిల్లీమీటరు మందం పెరగటానికి సుమారు ఒక సంవత్సరం పడుతుంది. నిలువెత్తు మందం గల పీట్ మన ముందు ఉందంటే అది వెయ్యేళ్లకు పైబడిన నిక్షేపమన్నమాట. ఇటువంటి నేలలు భూతలంలో దాదాపు 3 శాతమే. అయినా, లోకంలోని అడవుల చెట్లన్నీ దాచుకొన్న కర్బనం కంటే ఎక్కువ కర్బనాన్ని ఇవి తమలో దాచుకొన్నాయి.

ఈ నేల మృతప్రాయమైన బురద కాదు. ఆ పుల్లని నల్లనీటిలో బతకగల సూక్ష్మజీవులు, చెట్ల వేళ్లతో పెనవేసుకొని వాటికి పోషకాలను అందించే శిలీంధ్రాలు, పురుగులు, చేపలు అందులో ఉన్నాయి. సుమత్రా పీట్ అడవుల నీటిలో నివసించే ఒక చేపను శాస్త్రజ్ఞులు 2006లో లోకానికి పరిచయం చేశారు. పూర్తిగా ఎదిగిన ఆడచేపల్లో అతి చిన్నదాని పొడవు 8 మిల్లీమీటర్లు కూడా లేదు. ఒక చీమ పలికిన మాటను విని సులైమాన్ ప్రవక్త (అలైహిస్సలాం) చిరునవ్వు నవ్విన వైనాన్ని దివ్యఖుర్ఆన్ మనకు తెలిపింది. భూమిపై సంచరించే జంతువులు, ఎగిరే పక్షులు మనవంటి సముదాయాలేనని అన్ఆమ్ సూరా బోధించింది. అటువంటి గ్రంథాన్ని చదివే సమాజం ఒక చిన్న చేప నివాసాన్ని చూసి, ఇది పనికిమాలిన బురద అని ఎలా అనగలదు?

అయినా మనుషులు అలాగే అన్నారు. 1990ల నడుమ కలిమంతన్ మధ్య భాగంలో సుమారు 10 లక్షల హెక్టార్ల నీటినేలను వరిపొలాలుగా మార్చాలని నాటి ప్రభుత్వం తలపెట్టింది. వేల కిలోమీటర్ల పొడవున కాలువలు తవ్వారు. నీరు తీసేసిన ఆ పుల్లని, సారం లేని నేలలో వరి పండలేదు. కొద్ది ఏళ్లకే పథకాన్ని వదిలేశారు. పథకం పోయింది గాని కాలువలు మిగిలాయి. అవి రేయింబవళ్లు నేల నుండి నీటిని లాగుతూనే ఉన్నాయి. వేరే చోట్ల ఆయిల్ పామ్ తోటల కోసం, కాగితపు కలప తోటల కోసం కూడా ఇలాగే కాలువలు తవ్వారు.

నీరు తొలగగానే గాలి లోపలికి చొరబడింది. గాలి అందని చోట నెమ్మదిగా సాగే కుళ్లు, గాలి అందగానే వేగం పుంజుకొన్నది. వేల ఏళ్ల నిక్షేపం పొగ లేని మంటలా కరగసాగింది. నేల కుంగిపోయింది; మొదటి అయిదేళ్లలోనే మీటరుకు పైగా కుంగిన చోట్లున్నాయి. ఎండకాలంలో ఎవరో చెత్తకు పెట్టిన నిప్పు భూమి లోపలికి దిగి వారాల తరబడి రగిలింది. 1997లో ఒకసారి, 2015లో మరొకసారి మహా దహనాలు సంభవించాయి. 2015లో 26 లక్షల హెక్టార్లు కాలిపోయాయని, ఆ దేశానికి 1,600 కోట్ల డాలర్ల నష్టం వాటిల్లిందని ప్రపంచ బ్యాంకు లెక్కగట్టింది. పొగ సింగపూర్, మలేషియాలను సైతం కమ్మింది. ఊపిరాడని పట్టణాల్లో మన సోదరులు మైదానాలకు చేరి ఇస్తిస్ఖా నమాజు చేసి వర్షం కోసం కన్నీటితో వేడుకొన్నారు. ఆలోచించండి! ఆకాశం నుండి నీటిని అర్థిస్తున్న ఆ గడియలోనే, అల్లాహ్ ఇదివరకే ఇచ్చిన నీరు మనుషులు తవ్విన కాలువల గుండా సముద్రానికి పోతూ ఉంది. మనుషుల చేతులు చేసుకొన్నదాని మూలంగానే నేల మీద, నీటి మీద కల్లోలం ప్రబలిందని రూమ్ సూరా హెచ్చరించటంలోని అర్థం ఇక్కడ కళ్లకు కడుతుంది.

విశ్వాసులారా! సహీహ్ బుఖారీలోని ఓడ ఉపమానం మీరెరిగినదే. కొందరు పై అంతస్తులో, కొందరు కింది అంతస్తులో ఉన్నారు. కిందివారు నీటికోసం మాటిమాటికీ పైకి పోవలసి వచ్చేది. పైవారికి ఇబ్బంది ఎందుకు, మన భాగంలోనే ఒక రంధ్రం చేసుకొందామని వారు అనుకొన్నారు. వారిని వారి ఇష్టానికి వదిలేస్తే అందరూ మునుగుతారు; చేయి పట్టి ఆపితే అందరూ బతుకుతారు. పీట్ నేల సంగతీ అంతే. అది నీటిని పట్టి ఉంచిన ఒకే పెద్ద దిబ్బ. ఒకడు తన హద్దులో కాలువ తవ్వినా పొరుగువాడి నేలలో నీటిమట్టం తగ్గిపోతుంది. నా భూమి, నా ఇష్టం అనే మాట ఇక్కడ చెల్లదు. ఇతరులకు హాని తలపెట్టరాదన్న ప్రవక్త (స) బోధ మన ఫిఖ్‌హ్‌కు మూలసూత్రాలలో ఒకటి.

ఇక్కడ ఒక సందేహం కలగవచ్చు. మృతభూమిని సజీవం చేసినవారికే ఆ భూమి చెందుతుందని హదీసులో ఉంది కదా, అడవిని, బురదను సాగులోకి తేవటం పుణ్యం కాదా అని. సోదరులారా! మృతభూమి అంటే ఏమిటో మన ఫుఖహాలు నిర్వచించారు. ఎవరి యాజమాన్యంలోనూ లేక, ఎవరికీ ప్రయోజనం లేక పడి ఉన్న నేల అది. ఊరివారు పశువులను మేపుకొనే బయలు, కట్టెలు తెచ్చుకొనే చోటు, అందరూ ఆధారపడిన ఉప్పునేల, బావి మృతభూములు కావని హనఫీ గ్రంథాలు స్పష్టంగా చెబుతున్నాయి. చేపలను, తేనెను, చాపలల్లే గడ్డిని ఇస్తూ, వరదను మింగి ఎండకాలానికి నీటిని దాచే నేల ఎలా మృతమవుతుంది? అది బతికున్న నేల. దాన్ని ఎండబెట్టటం సజీవం చేయటం కాదు, ప్రాణం తీయటమే.

ఇండోనేషియా ఉలమా మండలి 2016లో ఒక ఫత్వా వెలువరించింది. ఇతరులకు హాని, పర్యావరణానికి నష్టం కలిగించేలా అడవిని, నేలను తగులబెట్టటం హరామ్ అని అందులో ప్రకటించింది. అదే ఏడాది అక్కడి ప్రభుత్వం పీట్ నేలల పునరుద్ధరణకు ప్రత్యేక సంస్థను నెలకొల్పి, 20 లక్షల హెక్టార్లను లక్ష్యంగా పెట్టుకొన్నది.

ఆ దిద్దుబాటు ఎలా జరుగుతుందో వినండి. మొదటిది, కాలువలకు వరుసగా అడ్డుకట్టలు వేయటం. దుంగలతో పెట్టెలా కట్టి, మట్టిసంచులు నింపి నీటిని నిలుపుతారు. నేల ఉపరితలం నుండి 40 సెంటీమీటర్ల కంటే లోతుకు నీటిమట్టం పోరాదని అక్కడి చట్టం ఒక హద్దు గీసింది. నీరు పైకి రాగానే గాలితో చెలరేగిన కుళ్లు నెమ్మదిస్తుంది; గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులు మళ్లీ తమ చోటికి వస్తాయి. తడిసిన నేల నుండి కొంత మీథేన్ వాయువు వెలువడే మాట నిజమే. అయినా, ఎండిన నేల, కాలిన నేల నుండి వెలువడే దానితో పోలిస్తే దీర్ఘకాలంలో మేలే ఎక్కువ. రెండవది, ఆ నేలకు తగిన చెట్లను తిరిగి నాటటం. నారుమడిలోనే వేళ్లకు మేలుచేసే శిలీంధ్రాన్ని అందించిన మొక్కలు పాడైన నేలలోనూ నిలదొక్కుకోగలవు. మూడవది, అక్కడి ప్రజలకు జీవనోపాధి చూపటం. సాగో వంటి పంటలు, నీటిగడ్డి అల్లికలు, చేపల వేట నీటిని తీసేయకుండానే కూడు పెడతాయి. ఈ మూడవదాన్ని మరవరాదు. పేదరైతు తగులబెట్టటానికి కారణం, అంతకంటే చౌకగా నేలను శుభ్రం చేసే మార్గం అతనికి లేకపోవటమే. అతనికి దారి చూపకుండా శిక్ష మాత్రమే చూపటం న్యాయం కాదు.

ఈ పనిలో ఫలితం వెంటనే కనబడదు. ఏడాదికి మిల్లీమీటరు! అడ్డుకట్ట వేసినవాడు పోయిన నేల తిరిగి పేరుకోవటాన్ని చూడలేడు; అతని మనుమడూ చూడలేడు. కాని ప్రళయం వచ్చిపడుతున్నా చేతిలో మొక్క ఉంటే నాటమన్న ప్రవక్త (స) ఉమ్మత్‌కు ఇది కొత్త పాఠం కాదు. నాటిన మొక్క నుండి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా నాటినవానికి అది సదఖా అని ఆయన శుభవార్త ఇచ్చారు.

రెండవ ప్రసంగం

అల్‌హమ్దులిల్లాహ్. సోదరులారా! ఎక్కడో సముద్రం అవతలి సంగతి మనకెందుకని అనుకోవద్దు. ప్రపంచంలో పామాయిల్‌ను అత్యధికంగా దిగుమతి చేసుకొనే దేశం మనదే. అందులో పెద్దభాగం ఇండోనేషియా, మలేషియాల నుండి వస్తుంది. మన పొయ్యి మీది మూకుడుకూ, ఆ నేలకూ బంధం ఉంది. ఆ నూనె హలాల్ అనటంలో సందేహం లేదు. చెట్టుకూ తప్పులేదు. మన ఆంధ్ర, తెలంగాణ రైతులు మామూలు నేలల్లోనే దాన్ని పండిస్తున్నారు. వృథా చేయకపోవటం మాత్రం మన చేతిలో ఉంది. టోకు వ్యాపారం చేసే సోదరులు తమ సరుకు ఎటువంటి నేల నుండి వచ్చిందో విచారించటమూ వారి చేతిలో ఉంది.

ఇంకా దగ్గరిది కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ వరదనీటిని తనలో నింపుకొని, ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపే మహాసరస్సు అది. 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాలో చేరింది. అయినా చేపల చెరువుల గట్లు దాన్ని ముక్కలు చేశాయి. 2006లో ప్రభుత్వం ఆ గట్లను తెగగొట్టించింది. అప్పుడు బతుకుతెరువు కోల్పోయిన పేదల కష్టమూ నిజమే, సరస్సు హక్కూ నిజమే. రెండింటినీ తూచి న్యాయం చేయటమే ఇస్లాహ్.

కనుక మూడు మాటలు గుర్తుంచుకోండి. మన ఊరి చెరువులో, కుంటలో, వాగులో అడుగు నేలనైనా ఆక్రమించవద్దు. ఆక్రమించి ఉంటే తిరిగి ఇచ్చేయండి, తౌబాకు అది షరతు. చెత్త, కూల్చిన ఇళ్ల మట్టి, జంతు వ్యర్థాలు వాటిలో వేయవద్దు. ముఖ్యంగా ఖుర్బానీ దినాలలో జాగ్రత్త వహించండి. ఎవరైనా ఓడకు రంధ్రం చేస్తుంటే, వారు మనవారైనా సరే, మంచిమాటతో ఆపండి.

ఓ అల్లాహ్! మా చేతులు చెడగొట్టినదాన్ని మా చేతులతోనే చక్కదిద్దే భాగ్యాన్ని మాకు ప్రసాదించు. పొగలో ఊపిరాడక బాధపడినవారికి స్వస్థత నివ్వు. మా చెరువులను నింపు, మా నేలలోని నీ ప్రాణులను కాపాడు. నీవు అప్పగించిన అమానతును గురించి ప్రశ్నించే రోజున మమ్మల్ని అవమానం పాలు చేయకు. ఆమీన్.